ఒంటికి వేసే శిక్ష

2015లో వచ్చిన రెండు సినిమాలను నేనిప్పటికీ జతగానే తలుచుకుంటాను. సంక్రాంతికి శంకర్ ‘ఐ’, అక్టోబరులో గుణశేఖర్ ‘రుద్రమదేవి’. మొదటిది చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. రెండోది పదమూడో శతాబ్దపు ఓరుగల్లు కథ. రెండూ తిరుపతిలోనే చూశాను.

‘ఐ’లో విక్రమ్ పడిన కష్టాన్ని కాదనలేం. కండలు పెంచి, మోడల్‌గా పేరు తెచ్చుకున్న కుర్రాడికి శత్రువులు సూదిమందుతో రోగం ఎక్కిస్తారు. జుట్టు ఊడుతుంది, వీపు గూనవుతుంది, ఒళ్లంతా కణుతులు లేస్తాయి. మనిషి అదే. ఒళ్లు మారగానే లోకం మొహం తిప్పుకుంటుంది. అంతవరకూ సినిమా నాకు నచ్చింది. తర్వాత అతను పగ తీర్చుకుంటాడు. చంపడు, ఒక్కొక్కరినీ వికారంగా మారుస్తాడు. ఒకడు కాలిపోతాడు, ఒకరి ఒంటినిండా వెంట్రుకలు మొలుస్తాయి. హాల్లో ఈలలు. నా పేచీ ఇక్కడే. వికారమైన ఒళ్లు శిక్ష అయితే, పుట్టుకతోనో ప్రమాదంతోనో అది వచ్చినవాళ్లు ఏ నేరం చేసినట్టు?

మా బడిలో నాలుగో తరగతి పిల్ల ఒకతి ఉండేది. చిన్నప్పుడు పొయ్యిమీద పడి చెంప కాలింది. పండగ సెలవుల తర్వాత పిల్లలు ఆమెకు ‘ఐ’ అని పేరు పెట్టారు. మాది ఏకోపాధ్యాయ బడి, అయిదు తరగతులూ ఒకే గదిలో. ఒకటో తరగతికి అచ్చులు చెబుతూ ‘ఏ’ తర్వాత అక్షరానికి వచ్చేసరికి గదంతా ఆమె వైపు తిరిగేది. ఒకరోజు పలక పక్కన పెట్టి అడిగాను: ఆ సినిమాలో చెడ్డవాళ్లు చివర ఎట్లున్నారు? వికారంగా. మొదట? అందంగా. మరి తప్పు చేసిందెప్పుడు? అందరూ దిక్కులు చూశారు. ఆ పిల్లే చెప్పింది: “అందంగా ఉండేటప్పుడే గదా సార్.”

వెంట్రుకలు మొలిచే శిక్ష పడింది ఒక ట్రాన్స్‌జెండర్ పాత్రకు. ఆమె ప్రేమ, ఆమె అలంకారం, అన్నీ హాల్లో నవ్వులకే. ట్రాన్స్‌జెండర్లు అప్పుడే నిరసన తెలిపారు. అదే ఏడు అనుష్క మగవేషంలో కత్తి దూస్తే చప్పట్లు కొట్టాం. గణపతిదేవుడు కూతుర్ని కొడుకుగా పెంచాడని కథ. శాసనాల్లోనూ ఆమె రుద్రదేవ మహారాజే. వేషం మార్చుకున్న ఒళ్లు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. మన మర్యాద మాత్రం సింహాసనం ఉన్నవైపే పోయింది.

ఇంకో మాట. సినిమాకు ఆమె యవ్వనమే కావలసి వచ్చింది. 1262 నుంచి పాలించిన రాణి మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది. మన సీమను ఏలిన కాయస్థ అంబదేవుడితో పోరులోనే చనిపోయిందని చరిత్రకారులు అంటారు. ముసలి ఒంటితో యుద్ధానికి బయలుదేరిన రుద్రమను తీసి ఉంటే నేను రెండోసారీ టికెట్ కొనేవాణ్ని. ఆ కాకతీయుల సైన్యంతోనే సమ్మక్క, సారలమ్మ తలపడ్డారని మేడారం జనం చెప్పుకుంటారు. పిల్లలకు ఓరుగల్లు పాఠం చెప్పే టీచర్లు ఆ ముక్క వదిలేయకూడదు.

ఒంటికి నేరం అంటగట్టడం ఎరుకల ఇంట పుట్టిన నాకు సినిమా సంగతి కాదు. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. తర్వాత మద్రాసు రాష్ట్రంలో మావాళ్లనూ ఆ పట్టీకి ఎక్కించారు. వేలిముద్రలు, పోలీసుల ముందు హాజరు. శిక్ష ముందు, నేరం వెతుక్కోవడం తర్వాత. 1952లో చట్టం పోయింది. దొంగ పాత్రకు ఒళ్లంతా నలుపు పూసి, జుట్టు రేపే అలవాటు తెరమీద ఇంకా పోలేదు. బడి నాటకాల్లోనూ పోలేదు. రాక్షసుడి వేషం ఎవరికిస్తున్నామో మనమే చూసుకోవాలి.

పోయిన వార్షికోత్సవానికి మా పిల్లలు రుద్రమదేవి నాటకం కావాలన్నారు. రాణి వేషానికి అందరూ ఎర్రగా ఉండే పిల్ల పేరే చెప్పారు. చీటీలు వేయించాను. మా కాలనీ నుంచి వచ్చే నల్లటి పిల్లకు వచ్చింది. వాళ్ల నాయన వెదురుబద్దలతో డాలు అల్లి తెచ్చాడు. ఇప్పుడది వాళ్లింట్లో కోడిపిల్లల గంపకు మూత.