ఎదురుగాలిలో సాధన

నడివయస్సు దాటిన పిమ్మట, "ఇక నావలన నేమగును? చేసినది చాలును" అని మనుష్యుడు తన జీవితమునకు తానే తీర్పు చెప్పుకొనుట కలదు. ఈ మాట పైకి వైరాగ్యమువలె వినిపించును గాని, లోనికి తరచి చూచినచో అందు వైరాగ్యముకన్న భయమే అధికము: ఓడుదునేమో, పిన్నవారు నవ్వుదురేమో యను భయము. వైరాగ్యము ఫలమునందు ఉండవలసినదే గాని ప్రయత్నమునందు కాదని మన పెద్దలు బోధించిన సత్యమును, అర్జెంటీనా దేశీయుడైన శాంటియాగో లాంగే జీవితము చక్కగా విశదపరచుచున్నది.

1961లో జన్మించిన లాంగే, 1988 మొదలు ఒలింపిక్స్ తెరచాప పడవల పందెములలో పాల్గొనుచు, 1996లో లేజర్ అను, ఒక్కరే నడుపు డింగీతో (చిన్న తెరచాప పడవతో) పోటీచేసి, 2004లోను 2008లోను కాంస్యపతకములు గెలిచి, ఆ పిమ్మట విరమించుకొనెను. కొన్నేండ్లకు, తనకంటె ఎంతో పిన్నవయస్కురాలైన సెసిలియా కరాంజాతో కూడి నాక్రా 17 అను తేలికపడవపై తిరిగి సాధనకు పూనుకొనెను. 2015లో క్యాన్సరు బయల్పడగా వైద్యులు అతని ఊపిరితిత్తిలో కొంతభాగమును తొలగించిరి. అయినను మరుసటి సంవత్సరమే, 54 ఏండ్ల ప్రాయమున, రియో నగరపు గ్వానబారా అఖాతమున అతడు పోటీకి దిగెను. అదే ఒలింపిక్స్‌లో అతని ఇద్దరు కుమారులును వేరొక తరగతి పడవపై పోటీ చేసిరి. తుదిపందెమున నియమభంగమునకు పెనాల్టీ పడినను చలింపక, ఆ జంట ఆరవస్థానమున గమ్యము చేరి, మొత్తముమీద ఒక్క పాయింటు ఆధిక్యముతో స్వర్ణమును గెలిచినది.

ఈ క్రీడ దేహమునకు సులభమైనది కాదు. గాలి హెచ్చినప్పుడు డింగీ ఒరిగిపోకుండ, నడుమనున్న పట్టీల క్రింద పాదములు దూర్చి, నడుము మొదలు తల వరకు అంచు వెలుపల నీటిపైకి వాల్చి నిలువవలెను. నడివయస్సున మోకాళ్లును వెన్నును ఆ భారమును దాచనీయవు. కాని బలము తగ్గినచోట వివేకము పనిచేయును. ఏ తెరచాప పడవయు గాలికి నేరుగా ఎదురుపోజాలదు. ఇంచుమించు 45 డిగ్రీల వాలున ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు మరలుచు గాలివైపునకు సాగవలెను. గాలి తన అధీనము కాదని ఒప్పుకొని, చుక్కానిని మాత్రము విడువనివాడే గమ్యము చేరును. ఈశ్వరేచ్ఛకు లోబడుటయు, స్వధర్మమును విడువకుండుటయు ఒక్కచోట ఇమిడియుండుట ఇట్టిదే.

ఇంతకంటె గొప్పది మరియొకటి కలదు. పందెమున తన తప్పువలన ఇతరుల పడవకు అడ్డుపడినవాడు, ఎవ్వరును వేలెత్తి చూపకమునుపే, తన పడవను రెండుచుట్లు త్రిప్పి దండన తానే చెల్లింపవలెను. పందెపు దారిని సూచించు బోయాను (నీటిపై తేలు గుర్తును) తాకినచో ఒక చుట్టు. ఆ లోపల తోడివారు ముందునకు సాగిపోవుదురు. గెలుపును చేజార్చుకొనియైనను అంతరాత్మను సాక్షిగా నిలుపుకొనుట కంటె వేరు తపస్సు ఏమున్నది?

మన హుస్సేన్ సాగరముపై సయితము లేజర్ పడవలు పందెములాడుచునే యున్నవి. అందరును పడవలెక్కవలెనని నా భావము కాదు. వయస్సు పేరు చెప్పి మీరు విడిచిన విద్య, అది సంగీతమైనను, పఠనమైనను, వ్యాయామమైనను, దానిని నేడే తిరిగి చేపట్టుడు. జయాపజయములను భగవంతునకు విడిచి, సాధనను మాత్రము విడువకుడు.