ఈ జెర్సీ ఏం చేయాలె అన్నా?

2025 అక్టోబర్‌లో ఒక ఆదివారం. శామీర్‌పేట దగ్గర మా బస్తీ అంబేద్కర్ భవన్‌లో పిల్లల క్లాసు అయిపోయింది, చాపలు చుడుతున్నాం. ఎనిమిదో తరగతి పిల్లగాడొకడు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద పసుపు జెర్సీ. నేను కొనిచ్చిందే. హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు విడిచి ఢిల్లీకి పోతోందని, పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారిందని అప్పుడే వార్త వచ్చింది.

"మన టీమ్ ఢిల్లీకి పోయిందంట గదా. మరి ఈ జెర్సీ ఏం చేయాలె అన్నా?"

నేను చాప చుట్టడం ఆపలేదు. "అంతా అనిత్యమే బిడ్డా. వదిలెయ్" అన్నాను.

వాడు తలూపి వెళ్ళిపోయాడు. నేనన్న మాటలో తప్పేమీ లేదు, తథాగతుడు చెప్పిందే. అయినా ఆ రోజు నుంచి అది నన్నే గుచ్చుతోంది. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఈ జవాబు చెప్పే ఉంటారు. చావింటికి పోయినప్పుడో, కొలువు పోయినవాడు ఎదురైనప్పుడో. అందుకే మీతో కలిసి దాన్ని ఒకసారి తిరగేసి చూద్దామని రాస్తున్నాను. ధమ్మం పుస్తకంలో బంతాట గోలేంటని అనుకోకండి. దుక్ఖం ఎక్కడ పుడితే అక్కడే దాన్ని పట్టుకొని చూడాలి. నాకు ఇక్కడ పుట్టింది.

నా పిచ్చి ఎంతటిదో ముందు చెప్పాలి. మ్యాచ్‌లు జరిగే బాలయోగి స్టేడియం గచ్చిబౌలిలో ఉంది. ఔటర్ రింగు రోడ్డు మా పక్కనుంచే పోతుంది కానీ బైకుల్ని దాని మీదికి రానివ్వరు. మేడ్చల్ రోడ్డెక్కి కొంపల్లి, సుచిత్ర, బాలానగర్, కూకట్‌పల్లి మీదుగా ఈదుకుంటూ పోవాలి. రాత్రి ఏడున్నర ఆటకు నాలుగున్నరకే బండి తీయాలి, మళ్ళీ ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటేది. దీని మీద మా ఇంట్లో జరిగిన చర్చల సంగతి రాయను.

2019లో జట్టు పుట్టింది, మొదటి సీజన్‌లోనే అట్టడుగున నిలిచింది. తర్వాత రెండు సీజన్లు కరోనా వల్ల ఆటలన్నీ గోవాలోనే. 2022 మార్చి 20న ఫైనల్ కూడా అక్కడే, ఫటోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో. గ్యాలరీ నిండా పసుపే, కానీ అది కేరళ వాళ్ళ పసుపు. మనం ఒక గోల్ వెనకబడి ఉన్నాం, ఇక అయిపోయిందనుకున్నాం. 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. ఆ రాత్రి నేను పెట్టిన కేకకు పక్కింటామె భయపడి తలుపు తట్టింది.

మరుసటి ఏడు లీగ్‌లో రెండో స్థానం. ఆ తర్వాత డబ్బు ఇబ్బందులు మొదలయ్యాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2023-24లో 22 మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గెలుపు, మొత్తం 8 పాయింట్లు, 12 జట్లలో పన్నెండోది. అయినా పోయాను. ఓడే జట్టును ప్రేమించడం ఒకందుకు సులువే, ఆశ తగ్గుతుంది. ట్రాఫిక్ మాత్రం తగ్గదు.

2025 మార్చి 12, బుధవారం. ఆ సీజన్‌లో చివరి లీగ్ మ్యాచ్. పిల్లగాణ్ణి కూడా తీసుకుపోయాను. ఎదురుగా మళ్ళీ కేరళ బ్లాస్టర్సే. స్కోరు మళ్ళీ 1-1. ఈసారి పెనాల్టీలు లేవు, కప్పు లేదు. ఆట అయిపోయింది, ఆటగాళ్ళు లోపలికి పోయారు, అంతే. 13 జట్లలో పన్నెండో స్థానం. వచ్చేటప్పుడు బండి ఆపి చాయ్ తాగుతూ "వచ్చే ఏడు చూద్దాం తియ్" అనుకున్నాం. సీజన్ అయిపోయిందని బాధపడ్డాం గానీ, ఈ ఊళ్ళో అదే ఆఖరి సీజన్ అని మాకు తెలియదు. సెలవు తీసుకున్నామని తెలియకుండానే సెలవు తీసుకొని వచ్చాం.

ఇప్పుడు నా జవాబు దగ్గరికి వద్దాం. అనిత్యం అన్నది నిజం. కానీ ఆ నిజాన్ని ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారో కూడా చూడాలి. ఇరవై ఏళ్ళుగా బస్తీల్లో తిరుగుతున్నాను. రోడ్డు వెడల్పులో ఇల్లు పోయి, మొండిగోడ పక్కన కూర్చున్న ముసలమ్మతో "ఏదీ శాశ్వతం కాదమ్మా" అని ఓదార్చే పెద్దమనుషుల్ని చూశాను. వాళ్ళ ఇల్లు మాత్రం అలాగే ఉంటుంది. అనిత్యం అన్న మాట కూలగొట్టినవాడి నోట్లో ఎంత హాయిగా ఉంటుందో! ఆ మాట ఎక్కడా అబద్ధం కాదు, అందుకే దానికి ఎదురు చెప్పడం కష్టం. ధమ్మం మాత్రం అక్కడితో ఆగదు. ఏదైనా కారణాల వల్ల పుడుతుంది, కారణాల వల్ల పోతుంది అంటుంది. అంటే ఆ కారణాలేవో అడగమని కదా! జట్టు ఎవరి చేతిలో ఉంది, ఎవరి కాగితం మీద నడిచింది, ఎండలో వానలో వచ్చి కూర్చున్నవాళ్ళకు ఆ కాగితంలో ఒక్క గీతైనా ఉందా? ఇవేవీ చెప్పకుండా పిల్లగాణ్ణి "వదిలెయ్" అన్నాను. వాడి బాధను తీర్చడానికి కాదు. నా బాధ మళ్ళీ పైకి తేలకుండా ఉండటానికి.

కుసినారాలో ఆనందుడి సంగతి మీకు తెలుసు. తథాగతుడి చివరి రోజులు. ఆనందుడు విహారంలోకి పోయి తలుపు పట్టుకొని ఏడ్చాడు. బుద్ధుడు పిలిపించుకున్నాడు. ఇష్టమైన వాటన్నిటితో ఎడబాటు తప్పదని ముందే చెప్పాను కదా అని గుర్తు చేశాడు. మనం సాధారణంగా కథ ఇక్కడ ఆపేస్తాం. ఆయన ఆగలేదు. ఇన్నేళ్ళు నువ్వు మనసుతో, మాటతో, చేతతో నాకు చేసిన సేవ ప్రేమతో చేసిందని, దానిలో పుణ్యం ఉందని ఆనందుణ్ణి అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఏడ్చినవాడు సిగ్గుపడాల్సిన పని లేకుండా చేశాడు. నేను పిల్లగాడికి మొదటి సగమే చెప్పాను. ఒక ఓడే జట్టు కోసం అంత దూరం వచ్చి, గొంతు పోయేలా అరిచి, పక్క సీట్లో ఎవరో తెలియని పెద్దాయనకు నీళ్ళ సీసా ఇచ్చావు చూడు, అది బాగుంది బిడ్డా అని చెప్పలేదు.

ఇంతవరకు రాసి ఆపేస్తే మన వైపే న్యాయం ఉన్నట్టు ఉంటుంది. కొంచెం లోపలికి పోదాం. ఆ "మన" అన్నది ఏంటి?

మిళిందరాజును నాగసేనుడు రథం గురించి అడిగిన ప్రశ్నలు గుర్తున్నాయా? చక్రమా రథం? ఇరుసా? కాడా? నేనూ అలాగే అడుక్కున్నాను. ఆటగాళ్ళా నా జట్టు? 2022లో కప్పు ఎత్తినవాళ్ళలో చాలామంది ఎప్పుడో పోయారు. కోచ్ మనోలో మార్కెజా? ఆయనా పోయారు. యజమానా? మారారు. మిగిలింది రంగు, ఊరి పేరు. ఊరి పేరు కూడా పోయాక నేను పట్టుకొని ఏడుస్తున్నది దేన్ని? వెతుకుతూ వెనక్కి పోతే 2019 తగిలింది. అక్కడ ఆగిపోయాను.

2019లో మన జట్టు గాల్లోంచి ఊడిపడలేదు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది, లీగ్‌లో దాని చోటు మనకు వచ్చింది. అక్కడ ఆడిన కొందరు ఆటగాళ్ళూ మన దగ్గరికి వచ్చారు. అప్పుడు నేనేం చేశాను? "హైదరాబాద్‌కు టీమ్ వచ్చింది రా" అని మిఠాయి పంచాను. పుణెలో ఎవరో ఒకడు, నాలాంటోడే, జెర్సీ చేతిలో పట్టుకొని కూర్చుని ఉంటాడని ఒక్క క్షణం కూడా తట్టలేదు. ఢిల్లీ వాళ్ళ కథ ఇంకోటి. వాళ్ళ ఢిల్లీ డైనమోస్‌ను అదే 2019లో భువనేశ్వర్ తీసుకుపోయి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. ఇప్పుడు మనది వాళ్ళకు పోయింది. నా సంతోషం ఒకరి దుక్ఖం మీద నిలబడింది, నా దుక్ఖం మీద ఇంకొకరి సంతోషం నిలబడుతుంది. పటిచ్చసముప్పాదం అని బోర్డు మీద రాసి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! కప్పు గెలిచిన రాత్రి మాత్రం అది కనపడలేదు. నా చోటు పోయాకే కనపడింది.

అందుకని ద్వేషం పోయిందా అంటే, లేదు. దాచడం ఎందుకు? ఢిల్లీ జట్టు ఓడితే బాగుండని లోపల ఎక్కడో ఉంది. ముదిత అంటే ఎదుటివాడి సంతోషానికి సంతోషించడం. దానికి నేను ఎంత దూరంలో ఉన్నానో ఫోన్‌లో స్కోరు తెరిచిన ప్రతిసారీ తెలుస్తోంది.

మేడ్చల్‌లో రైలెక్కి సికింద్రాబాద్ వైపు పోతుంటే అల్వాల్ దాటాక అమ్ముగూడ స్టేషన్ వస్తుంది. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు అది. పేదింటి పిల్లగాడు. రహీం సాబ్ చేతిలో పడ్డాడు, 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. బతుకంతా బెంగాల్‌లో గడిచింది, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు. ఆ స్టేషన్ మీదుగా ఎన్నేళ్ళు తిరిగానో, ఆయన పోయిన వార్త చదివేదాకా ఆయనది ఆ ఊరని నాకు తెలియదు. జట్టు మనల్ని వదిలేసిందని ఇంత రాసినవాణ్ణి, మన ఊరి మనిషిని నేను ఎప్పుడు వదిలేశానో నాకే తెలియదు.

తర్వాతి ఆదివారం పిల్లగాణ్ణి కూర్చోబెట్టుకొని ఇదంతా చెప్పాను. ఆనందుడి సంగతి, నీళ్ళ సీసా సంగతి, పుణె సంగతి. "పోయినసారి నీకు సగమే చెప్పిన, అది నా తప్పు" అన్నాను. వాడు జెర్సీ అంచు వేలికి చుట్టుకుంటూ విన్నాడు. బయట మిగతావాళ్ళు జట్లుగా విడిపోతున్నారు, పసుపు వేసుకున్నోళ్ళు ఒక దిక్కు, వేసుకోనోళ్ళు ఒక దిక్కు. వాడి కోసం పిలుస్తున్నారు.

లేచి గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు.

"మరి పుణె పిల్లలు వాళ్ళ జెర్సీలు ఏం చేసిండ్రు అన్నా?"

"తెల్వది బిడ్డా" అన్నాను. "నేను అడగలే."