పేరు మిగిలిన లోయ

స్కాట్లండ్‌కి వచ్చిన కొత్తలో స్ట్రాత్‌నేవర్ చూడ్డానికి వెళ్ళి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంటూ ఫొటోలు తీసుకున్నాను. అక్కడ మనుషులెందుకు లేరని అడగాలని తోచలేదు.

ఆ పేరుకి అర్థం చాలా ఏళ్ళకి గానీ తెలుసుకోలేదు. గేలిక్ భాషలో 'గ్లెన్' అంటే ఇరుకైన లోయ. 'స్ట్రాత్' అంటే నది పారే వెడల్పాటి లోయ, నాలుగు ఊళ్ళు బతకగలిగిన చోటు. ఈ రెండు మాటలు తెలిశాక మ్యాపు చదవడమే మారిపోయింది.

అర్థం తెలియకుండా ఒక పేరు పలుకుతూ ఉండటం తప్పా? తప్పే అనుకునేవాణ్ణి. ఫైలు పోయాక కంప్యూటర్‌లో మిగిలిపోయిన షార్ట్‌కట్ లాంటిది అలాంటి పేరు, అనేవాణ్ణి.

కానీ నేవర్ నది సంగతి వేరు. రెండో శతాబ్దంలో టాలెమీ దాన్ని 'నబారోస్' అని రాశాడు. గేలిక్ అక్కడికి రాకముందే ఉన్న పేరది. తర్వాత వచ్చిన గేలిక్ జనం ముందు 'స్ట్రాత్' చేర్చుకున్నారు గానీ నది పేరు మార్చలేదు. ఇంకొకరి మాటని అలాగే నోట నిలుపుకున్నారు.

1814లోనూ 1819లోనూ గొర్రెల పెంపకం కోసం సదర్లండ్ జమీందారీ వాళ్ళు ఆ లోయలోని కుటుంబాల్ని వెళ్ళగొట్టారు. ఇళ్ళకి నిప్పు పెట్టారు. చాలామందిని సముద్రపు ఒడ్డుకి తోలారు. నేవర్ సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు బెటీహిల్. జమీందారిణి ఎలిజబెత్ పేరు మీద వెలిసిన ఊరు. ఆ పేరు ఎవరిదో అందరికీ తెలుసు. తెలిసినంత మాత్రాన అందులో న్యాయం ఉందా?

అంటే అర్థం తెలియడం ఒక్కటే సరిపోదు. పేరుని మ్యాపు మీద భద్రంగా ఉంచి, దాన్ని పిలిచిన మనుషుల్ని తరిమేయవచ్చు కూడా. నేను ఎవర్నీ తరమలేదు. కానీ ఆ ఖాళీని చూసి ప్రశాంతత అని మురిసిపోయాను. ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిన బాధ్యత నాదే.

పోయిన వేసవిలో మా అబ్బాయిని అక్కడికి తీసుకెళ్ళి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "మన ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరేనన్నావు కదా నాన్నా, అక్కడ ఇప్పుడెవరున్నారు?" అన్నాడు.

నాకు తెలీదు. ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు మా నాన్నగారికి ఫోన్ చేసి అడిగాను.