పిల్లల కోసం

పుట్టిన చోటు విడిచి దేశాంతరం పోయిన గృహస్థును ఎందుకు వచ్చావని అడిగితే తరచు వచ్చే సమాధానం ఒకటే: పిల్లల కోసం. ఆ మాట పలికేటప్పుడు అతని కంఠంలో కొంత గర్వమూ, కొంత సంజాయిషీ కలిసి ఉంటవి. దానిని కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అయినా ఆ మాటను పరిశీలించవలసిన అవసరం ఉన్నది. ఏలనంటే చెప్పేవాడు తండ్రి, దాని బరువు మోసేవాడు కొడుకు.

ఇట్టి పరిశీలనకు జంషెడ్‌పూరు కంటె తగిన ఊరు దొరకడం కష్టం. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడేనాటికి, సువర్ణరేఖా ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చీ అనే చిన్న పల్లె ఉండేది. 1912లో అక్కడ మొదటి ఉక్కు తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగరమయింది. అమెరికా నుంచి, జర్మనీ నుంచి నిపుణులు సముద్రాలు దాటి వచ్చారు. బెంగాలు నుంచి, ఒరిస్సా నుంచి, పంజాబు నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పనివారు వచ్చారు. తెలుగుదేశపు ఉత్తరపు కొన నుంచి వచ్చినవారికి బెంగాలు నాగపూరు రైల్వే దారి చూపింది: తీరం వెంట ఖరగ్‌పూరు దాకా పోయి, అక్కడ పడమటికి తిరిగితే కాళీమాటి.

విజయనగరం నుంచి అక్కడికి పోవడం దేశాంతరగమనమా అని సందేహించేవారు ఉండవచ్చు. కాని తెలుగులో దేశమనే మాట రాజ్యాల సరిహద్దులకు ఎప్పుడూ లొంగలేదు. పల్లెటూరివాడికి భాష మారినచోట దేశం మారినట్లే. అంగడిలో ఉప్పు అడగడానికి కొత్త మాట నేర్చుకోవలసి వచ్చిన స్త్రీకి అది ఏ ప్రభుత్వపు ఏలుబడిలోనిదైతేనేమి?

అంతకుముందు ఆ ప్రాంతాలవారు ఎరిగిన పెద్ద వలస రంగం పోవడం. రంగూను బియ్యపు మిల్లులకు, ఓడరేవుకు పోయినవారిలో అత్యధికులు పురుషులే. ఆలుబిడ్డలు ఊరిలోనే ఉండేవారు. కనుక రంగం పోయినవాడు ఎన్నాళ్లు గడచినా తిరిగి రావలసినవాడే. అతని ఇల్లు ఏదన్న ప్రశ్న పుట్టలేదు. ఉక్కు కొలిమి సంగతి వేరు. దానికి ఋతువు లేదు, అది ఆరదు. పని నిలకడగా దొరికినవాడికి, క్వార్టరు కూడా లభిస్తే, భార్యను పిల్లలను తెచ్చుకోవాలనిపించడం సహజం. కుటుంబం రైలు దిగిన నాటితో వలస స్వభావమే మారిపోయింది. ఒంటరి పురుషుడు తన శ్రమను మాత్రమే తీసుకుపోతాడు. పిల్లలను వెంట తీసుకుపోయేవాడు తనది కాని మరొక జీవితాన్ని గురించి తీర్పు చెప్పినవాడవుతాడు.

ఆ తీర్పు ఇచ్చేముందు పిల్లలను అడిగినవారు లేరు. అడగడం సాధ్యమూ కాదు. అయిదేళ్ల బిడ్డకు రైలెక్కడం పండుగ; పన్నెండేళ్ల పిల్లకు అదే రైలు స్నేహితురాండ్రనుంచి ఎడబాటు. 1860లో నేటాలుకు, 1903 తరువాత ఫిజీకి మద్రాసు నుంచి కూలీలను తీసుకుపోయిన ఓడలలో పిల్లలు కూడా ఉన్నారు. ఒప్పందం మాత్రం పెద్దలది. అడగకుండా పిల్లలకు చేసేవి లోకంలో ఇంకెన్నో ఉన్నవి. పేరు పెట్టేటప్పుడు అడగరు, అక్షరాభ్యాసానికి అడగరు. కాబట్టి అడగకపోవడం ఇక్కడ దోషం కాదు. దోషం ఉంటే అది తరువాత, ఆ అడగని పనిని పిల్లవాని పద్దులో అప్పుగా వ్రాయడంలో ఉన్నది.

నిజానికి బయలుదేరే వేళ కారణాలు కలగాపులగంగా ఉంటవి. పంట పోయింది, బాకీ పెరిగింది, అన్నదమ్ములతో పొసగలేదు, కొత్త చోటు చూడాలన్న తహతహ ఉన్నది, బావమరిది అక్కడ బాగున్నాడని ఉత్తరం వచ్చింది. వీటి నడుమ పిల్లలు కూడా ఒక కారణమే. ఇరవై ఏండ్లు గడచిన తరువాత తక్కినవన్నీ రాలిపోయి అదొక్కటే మిగులుతుంది. ఇందులో అబద్ధమాడాలన్న తలంపు లేదు. పడిన కష్టానికి ఒక అర్థం కావాలి. ఆకలి కంటె సంతానం గౌరవప్రదమైన అర్థం. కాని కొడుకు మాట వినని రోజున ఆ అర్థం రుణపత్రంగా మారుతుంది. ‘నీ కోసం ఇంత దూరం వచ్చాము’ అన్న వాక్యానికి ఆ కుర్రవాడు ఏమని బదులు చెప్పగలడు? తాను తీసుకోని అప్పును కాదనలేడు, తీర్చనూలేడు.

ఋణమనే భావన ఈ దేశానికి కొత్త కాదు. మనిషి మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెప్పింది: ఋషులకు, దేవతలకు, పితరులకు. అందులో పితృఋణం తీరే విధానం గమనించదగినది. అది సంతానం వలన తీరుతుంది. అంటే అప్పు వెనకటివారిది, చెల్లింపు ముందరివారికి. తండ్రి తన కొడుకుకు ఇచ్చినది తాను తన తండ్రికి తీర్చిన బాకీయే అయితే, దానినే మళ్లీ కొడుకు దగ్గర వసూలు చేయడం ఏ లెక్కలో చేరుతుంది? శ్రాద్ధతర్పణాలు ఉన్నవి కదా అని శాస్త్రజ్ఞులు ఆక్షేపించవచ్చు. అవి శ్రద్ధతో ఇచ్చేవి, బిల్లు చూపి రాబట్టేవి కావు.

పిల్లలు పోగొట్టుకొన్నదానికి మాత్రం పద్దు ఉండదు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం వంటి చోట్ల తెలుగు వినిపిస్తుంది. కాని వీధి భాష హిందీ, పొరుగింటి భాష బెంగాలీయో ఒడియాయో. తల్లికి రాని భాష బిడ్డకు వస్తుంది. ఎనిమిదేండ్ల పిల్లవాడు మందులషాపులో తల్లికి దుబాసీ అవుతాడు. అది అతనికి గొప్పగానే ఉంటుంది. అయితే, తల్లి చెప్పినదంతా అవతలివారికి చెప్పకుండా కొంత దాచుకోవచ్చునని అతడు ఆ రోజే నేర్చుకుంటాడు. ఇక సెలవులకు ఊరికి పోతే నాయనమ్మ సామెతలు అతనికి సగమే అందుతవి.

క్వార్టరు మరొక చిక్కు. అది ఉద్యోగానికి అంటుకొని ఉన్న ఇల్లు. తండ్రి పని విరమిస్తే దానిని ఖాళీ చేయవలసిందే. అందులోనే పుట్టి పెరిగిన పిల్లకు ఆ జామచెట్టు తనది. కంపెనీకి మాత్రం అది మరొకరికి కేటాయించవలసిన ఆవరణ. ‘మీదే ఊరు’ అన్న ప్రశ్నకు తండ్రి శ్రీకాకుళం పక్క పల్లె పేరు చెబుతాడు, కూతురు టాటా అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఆ ఊరిలో కదలకుండానే పరాయివారైనవారు కూడా ఉన్నారు. హో, సంతాల్, భూమిజ ప్రజలు ఆ నేల మీద కొలిమి రాకముందునుంచీ ఉన్నవారు. వారు ఏ రైలూ ఎక్కలేదు. రైలే వారి దగ్గరికి వచ్చింది. ఒక్క గుడిసె కదలకుండానే అది 1912 దాకా బెంగాలులో, 1936 దాకా బీహారు ఒరిస్సాలో, 2000 నవంబరు 15 దాకా బీహారులో, తరువాత జార్ఖండులో ఉన్నది. వలస వచ్చినవాని కొడుకుకు తలచుకొని దుఃఖించడానికి దూరాన ఒక పల్లె అయినా ఉన్నది. వీరి పిల్లలకు ఆ పల్లె ఉక్కు కర్మాగారం అడుగున ఉన్నది. ‘పిల్లల కోసం’ అన్నవాడు ఎవరి పిల్లల కోసమని కూడా ఒకసారి తలచుకోవలసినదే.

నేడు అదే ఊరిలో పెరిగిన తెలుగు ఇంజనీర్లు తమ పిల్లలతో అమెరికా పోతున్నారు. 1965 నాటి చట్టం ఆ తలుపు తెరిచింది. అక్కడ క్వార్టరు లేదు గాని దానికి మారురూపం ఉన్నది. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాని పిల్లలకు నివాసహక్కు తండ్రి చాటున, లేదా తల్లి చాటున, వచ్చినది. సామాన్యంగా ఇరవై ఒకటవ ఏడు నిండగానే అది తొలగిపోతుంది. శాశ్వత నివాసానికి భారతీయుల వరుస చాలా పొడుగు. మూడేండ్ల వయస్సులో వచ్చి, అక్కడి బడిలోనే చదివిన బిడ్డ, తనకు జ్ఞాపకం లేని దేశానికి పొమ్మన్న మాట వినవలసి రావచ్చు. అట్టి బిడ్డతో ‘నీ కోసమే వచ్చాము’ అనడానికి ఏ తల్లికైనా నోరు తిరగదు. ‘మేము కోరుకొని వచ్చాము, నిన్ను వెంట తెచ్చుకొన్నాము’ అని చెప్పడం కష్టమే; కాని ఆ మాటకు బిడ్డ బదులు చెప్పగలదు, కోపగించుకోగలదు, బహుశా క్షమించనూగలదు.

ఇంతలో జంషెడ్‌పూరులో ఆ బిడ్డ తాత పని విరమించి క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చింది. పల్లెలో అన్నదమ్ముల వాటాలు ఎన్నడో పంచుకొన్నారు. కొడుకు అమెరికా నుంచి టిక్కెట్టు పంపుతూ ఇదంతా మీ మంచికే అంటాడు. ముసలివానిని ఎవరూ అడగలేదు. అతడు పెట్టె సర్దుకుంటూ, అక్కడ ఉప్పును ఏమంటారని భార్యను అడుగుతాడు.