చంపని సాలెపురుగు

సాలెపురుగు అనగానే గూడును, అందు చిక్కిన ఈగయు మనస్సునకు వచ్చును. కాని ఉష్ణదేశములందు విరివిగా నుండు దూకెడి సాలెపురుగులు వల పన్నవు. ముందువైపు గల రెండు పెద్ద కన్నులతో చూచుకొని, పిల్లివలె పొంచి, ఒక్కసారిగా లంఘించి పట్టుకొనును. 6,000 జాతులకు పైబడిన ఈ వంశమున దాదాపు అన్నియు వేటగాండ్రే.

మెక్సికో, కోస్టారికా మొదలగు దేశములలోని ఒక జాతికి 1896లో అమెరికా శాస్త్రజ్ఞులగు పెక్‌హామ్ దంపతులు 'బఘీరా కిప్లింగి' యని పేరిడిరి. బఘీరా యనగా కిప్లింగ్ అడవికథలలోని నల్లచిరుత. ఇంతటి పేరు మోయు ఈ జీవి ముఖ్యముగా శాకాహారి యని 2009లో ప్రకటితమైనది! మెక్సికోలో దాని ఆహారమున నూటికి 90 పాళ్లకు మించి తుమ్మజాతి చెట్టు ఆకుకొసలందు మొలచు చిన్న బుడిపెలే. అహింస పురుగులలో సైతము కలదని ఈ వార్తకు సంతోషించుట సహజము.

అయితే ఆ బుడిపెలు ఎవరివి? చెట్టు వానిని చీమల కొరకు పెంచుచున్నది. చీమలకు బోలు ముండ్లలో ఇల్లు, ఆకుకొసన అన్నము. అందులకు బదులుగా అవి రేయింబవళ్లు కావలి కాచి, ఆకు మేయవచ్చిన ప్రాణిని కుట్టి తరుముచున్నవి. అనగా అది వాటి కూలి. సాలెపురుగు కావలి కాయదు. చీమలు అంతగా తిరుగని ముదురాకుల కొసన గూడు కట్టుకొని, అవి ఎదురైనచో దూకి తప్పించుకొని, వాటి కూలిని నోట కరచుకొని పోవును. తాతల నాటి కూలి కోతల కథలు వినుచు పెరిగిన వారికి ఇది చిన్న సంగతిగా తోచదు.

పైగా అది అప్పుడప్పుడు చీమపిల్లలను గూడ తినును. కోస్టారికాలో బుడిపెల పాలు నూటికి 60 మాత్రమే. కనుక చంపకుండుట దానికి వ్రతము కాదు.

అట్లని దొంగ యనుటయు న్యాయము కాదు. నాది, పరులది యను వివేకము లేనిచోట దోషమెక్కడిది? పుణ్యమును అంతే. తెలిసి విడిచిన వానికే విడిచిన ఫలము. పతంజలి యమములను చెప్పునపుడు అహింసను, అస్తేయమును ఒక్క వరుసలోనే నిలిపెను; మనవారు మాత్రము మొదటిదానిని వంటయింటిలో భద్రముగా నుంచుకొని, రెండవదానిని పురాణ కాలక్షేపమునకు విడిచిరి. మాంసము ముట్టని గృహస్థు విస్తరి ముందు కూర్చుండి, ఈ బియ్యము పండించిన వానికి కూలి ముట్టినదా యని యెన్నడైన అడిగెనా?

సాలెపురుగును అడిగి లాభము లేదు. అది ముదురాకు కొసన కదలక నిలిచి, చీమల బారు దాటిపోవువరకు చూచుచుండును.