నాగోబా పూజలో అల్లుడి పని

పుష్య అమావాస్య అర్ధరాత్రి కేస్లాపూర్‌లో నాగదేవుడు నాగోబాకు మహాపూజ. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని ఆ చిన్న ఊరికి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా జనం వస్తారు. పేపర్లలో మనం చూసే ఫొటోలన్నీ ఆ రాత్రివీ, తర్వాతి జాతరవే. పూజకు సంబంధించిన పని మాత్రం చాలా ముందే మొదలవుతుంది. పుష్య మాసపు నెలవంక కనబడగానే గోండుల్లోని మెస్రం వంశంవాళ్లు ఎడ్లబండి కట్టుకుని ఊరూరా కబురు చెప్పడానికి బయలుదేరతారు. సిరికొండ కుమ్మరులకు కుండలు చేయమని చెబుతారు. ఆ తర్వాత గంగనీళ్ల కోసం చెప్పుల్లేని నడక. జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా, తోవలో ఊళ్ల దగ్గర ఆగుతూ పోయి, ఝరి అనే పాత్రలో గోదావరి జలం పట్టుకుని మళ్లీ నడిచే రావాలి. ధర్మపురిలో మనం మునిగే గోదారే అది. అక్కడికి ఆ మడుగు అంత దూరమేమీ కాదు. మనమైతే కారులో పోయి సీసాలో పట్టుకొస్తాం.

నడిచేవాళ్లలో ఎవుసం చేసుకునేవాళ్లున్నారు, సర్కారు కొలువులకు సెలవు పెట్టి వచ్చినవాళ్లున్నారు. తిరిగొచ్చాక కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది. అక్కడి వంట సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. వచ్చిన కుటుంబాలు ఎన్నయినా కానీ, పొయ్యిలు మాత్రం 22. ఎవరికి ఏ పొయ్యి అని ముందే ఉంటుంది. ఒకరి గిన్నె దించాకే ఇంకొకరిది ఎక్కాలి. పిల్లలు ఆకలంటున్నారని పక్కన ఇంకో మూడు రాళ్లు పెట్టుకుంటానంటే కుదరదు. మన ఇళ్లల్లో అన్నదమ్ములు వేరుపడ్డారంటే మొట్టమొదట వేరయ్యేది పొయ్యే. పంపకాల కాగితాలు తర్వాత రాసుకుంటారు. మెస్రం వాళ్లు ఏడాదికోసారి వందల కుటుంబాలను మళ్లీ అవే పొయ్యిల దగ్గరికి తెచ్చి కూర్చోబెడతారు.

ఇక ఆడపడుచులు కొత్త కుండలతో కోనేటి నీళ్లు మోసుకురావాలి. అల్లుళ్లు పుట్టమట్టి కలపాలి. నాకు ఈ రెండోది చాలా ఇష్టం. మన దిక్కు అల్లుడంటే పీటమీద కూర్చోబెట్టి మర్యాదలు చేసే మనిషి. చాయ్‌లో చక్కెర తక్కువైతే అలిగేదీ ఆయనే. అక్కడ వేరే వంశం నుంచి వచ్చిన అల్లుడు అత్తగారి దేవుడి కోసం మోచేతుల దాకా మట్టి చేసుకుంటాడు. ఆ మట్టి పని కానిదే పూజ నడవదు. కొత్తగా వచ్చిన కోడళ్లను భేటింగ్ అనే వేడుకలో దేవుడికి పరిచయం చేస్తారు. అప్పటి నుంచి వాళ్లూ వంశంలో మనుషులే, వాళ్లకూ పని ఉంటుంది. డోలు, పెప్రే వాయించే ప్రధాన్‌లు లేకపోతే ఊరేగింపు కదలదు. కుమ్మరి మెస్రం వాడు కాదు, అయినా ఆయన సారె తిరగకపోతే నీళ్లకు కుండే లేదు. ఎంత పెద్ద పటేల్ అయినా ఈ పూజను ఒక్కడే చేసుకోలేడు. డబ్బులిచ్చి చేయించుకోనూ లేడు. డబ్బు ఇవ్వాల్సిన చోట కూడా అందరూ తలా ఇంత వేసుకున్నారు. 2022 డిసెంబరులో ప్రారంభమైన కొత్త గుడి మెస్రం వంశస్థులు తమలో తాము చందాలు పోగు చేసుకుని కట్టుకున్నదే.

జీవితానికి అర్థం ఏమిటన్న ప్రశ్న ఈ నెల రోజుల్లో అక్కడ ఎవరికైనా వస్తుందా అంటే, రావడానికి తీరిక ఉండదనుకుంటా. ఆ ప్రశ్న మనకు ఎక్కువగా రిటైరైన కొత్తలో వస్తుంది. పొద్దున లేచాక తన కోసం ఎవరూ ఎదురుచూడడం లేదని తెలిసిన రోజున వస్తుంది. ప్రవచనాలకు వెళ్తాం, పుస్తకాలు కొంటాం. మంచిదే. కానీ మనం వెళ్లకపోతే ప్రవచనం ఆగదు. అల్లుడు రాకపోతే మట్టి అట్లాగే ఉంటుంది.

ఆ వంశంలో పుట్టినవాళ్లకు సరే, వంతు పుట్టుకతోనే వచ్చింది. ఏ వంతూ లేనివాడి సంగతేమిటి? దానికి జవాబు కోసం జైనూర్ మండలంలోని మార్లవాయికి పోవాలి.

వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మానవశాస్త్రవేత్త. 1939లో రెండోసారి ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కాబట్టి బ్రిటిషువాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. హైదరాబాదు సంస్థానం దాటి పోవద్దన్నారు. ఇంకొకరైతే దాన్ని గ్రహచారం అనుకునేవాళ్లు. ఆయన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరకు ఆదిలాబాద్ అడవుల్లోని రాజ్‌గోండుల దగ్గరికి పోయాడు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో గడ్డి కప్పిన ఇంట్లో ఉన్నాడు. వచ్చింది చదువు పని మీద. చూసి, రాసుకుని, పుస్తకం వేసుకుని పోవచ్చు. చాలామంది చేసిందదే. ఆయన అక్కడితో ఆగలేదు.

ఈ కథను తెల్లదొర వచ్చి గోండులను ఉద్ధరించాడన్నట్టు చెప్పడం నాకు సమ్మతం కాదు. అంతకుముందే, 1940లో, జోడేఘాట్‌లో గోండుల నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాడు. గోండులు తుపాకులకు ఎదురెందుకు నిలబడ్డారో తెలుసుకోక తప్పని పరిస్థితి నిజాం సర్కారుకు వచ్చింది. హైమండార్ఫ్ మాట నిజాం దర్బారులో చెల్లిందంటే దాని వెనుక భీం నెత్తురుంది. అయితే ఆ మాటను దేనికి వాడాలన్నది మాత్రం హైమండార్ఫ్ ఇష్టమే. ఆయన భూమి గురించి మాట్లాడాడు. దున్నుకుంటున్న నేల మీద హక్కు లేకపోవడమే అసలు బాధ అన్నాడు. గోండులకు, కొలాములకు పట్టాలు ఇప్పించే పని మొదలైంది. 1940ల చివరికి అది లక్ష ఎకరాలు దాటింది. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం తెరిచారు. పిల్లలకు మొదటి పాఠాలు వాళ్ల గోండీలోనే, దేవనాగరి లిపిలో అచ్చువేశారు. ఆ చదువు చెప్పింది హైమండార్ఫ్ కాదు. అక్కడ తయారైన గోండు యువకులే తమ ఊళ్లకు పోయి బడులు నడిపారు. సేతుమాధవరావు పగడీ వంటి అధికారులు గోండీ నేర్చుకుని మరీ పనిచేశారు. ఇంకొకరికి మేలు చేయాలనుకున్న ఉద్యోగి ముందు వాళ్ల భాష నేర్చుకోవడం ఈ రోజుల్లో కొంచెం వింతగానే వినిపిస్తుంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ ఉత్సాహంగా చెప్పరు. ముప్పై ఏళ్లు గడిచాక, 1970ల చివర్లో ఆయన మళ్లీ వచ్చి చూశాడు. పట్టాలిచ్చిన భూముల్లో చాలా భాగం చేతులు మారిపోయింది. గిరిజనుల భూమి చేతులు మారకూడదన్న చట్టం ఉంది, భూమి లేదు. చేసిన పని కళ్లముందే కరిగిపోయిన మనిషి ఏం చేయాలి? గీతలో కర్మఫలం గురించిన మాట మనకు కంఠతా వచ్చు. పరీక్ష తప్పిన పిల్లవాడికీ, ఎన్నికల్లో ఓడిన నాయకుడికీ దాన్నే అప్పజెబుతాం. ఫలితంతో నాకేం పని అని చేతులు దులుపుకోవడానికి అది బాగా అక్కరకొస్తుంది. హైమండార్ఫ్ మాత్రం ఫలితాన్ని ఎకరాల్లో లెక్క చూశాడు. ఊరూరా తిరిగి, ఎవరి భూమి ఎట్లా పోయిందో అడిగి రాసుకున్నాడు. 1982లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ వివరాలన్నీ ఉన్నాయి. తన జీవితంలో గొప్ప పని అనుకున్నది ఎంతవరకు నిలవలేదో తనే కాగితం మీద పెట్టాడు. ఫలం మీద మమకారం లేకపోవడమంటే నాకు ఇదే అర్థమవుతుంది. పోయిందని తెలిసినా లెక్క రాయడం మానలేదు, నా పేరు పాడవుతుందని దాచలేదు.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే ఆమె సమాధి మార్లవాయిలో కట్టారు. ఆయన 1995లో పోయాడు. 2012లో కొడుకు అస్థికలు తీసుకొస్తే గోండులు తమ పద్ధతిలో ఆమె పక్కనే చోటిచ్చారు. ఏటా జనవరిలో అక్కడ వర్ధంతి జరుపుతారు.

మార్లవాయిలోనే కనకరాజు ఉండేవారు. గుస్సాడీ కనకరాజు అంటేనే అందరికీ తెలుస్తుంది. దీపావళి రోజుల్లో నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని ఆడే గుస్సాడీ గోండులకు దైవకార్యం. దండారీ అనే ఆ నాట్య బృందం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే, ఆ ఊరివాళ్లు అన్నం పెట్టి విడిది ఇవ్వాలి. తర్వాత వీళ్ల వంతు. ఆయన ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తూనే ఊరూరి కుర్రాళ్లకు ఆ అడుగులు నేర్పారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో కాలం చేశారు. అవార్డుకు ముందూ తర్వాతా ఆయన చేసింది ఒకటే పని.

మన పట్టణాల్లో సేవకు లోటేమీ లేదు. పుట్టినరోజుకు ఆస్పత్రిలో పండ్లు పంచుతాం, వెనుక బ్యానర్, ముందు కెమెరా. పండు అందుకునే పేషెంటు కూడా కెమెరా వైపే చూడాలి. నేను దీన్ని తప్పని అనను, పండు పండే. కానీ మరుసటి రోజు మనం పోకపోతే అక్కడ ఎవరికీ తెలియదు. అదే ఒక ముసలాయనకు ప్రతి నెలా పింఛను కాగితాలు చూసిపెట్టేవాడో, గల్లీలో పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పేవాడో ఒక్కరోజు రాకపోతే గుమ్మంలోకి వచ్చి చూస్తారు. గీతలోని లోకసంగ్రహం అన్న పెద్ద మాటకు నాకు దొరికిన చిన్న కొలత ఇదే.

నాగోబా జాతరలో ఇంకో వరస ఉంది. పూజలు కొనసాగుతుండగానే అక్కడ దర్బార్ కూర్చుంటుంది. హైమండార్ఫ్ కాలంలో, 1940లలో మొదలైంది. జిల్లా అధికారులు దేవుడి ముంగిటికి వచ్చి గిరిజనుల గోడు వినాలి. ఇప్పటికీ నడుస్తోంది. పోడు భూమికి పట్టా, ఊరికి రోడ్డు, బోరు, బడికి టీచరు, అన్నిటికీ అర్జీలు వస్తాయి. కొన్ని పోయినేడాది ఇచ్చినవే. గుడి దగ్గర బోరు సంగతి ఎందుకని అక్కడ ఎవరూ అనరు.