వాసన – వివేకము

చిత్తూరు సీమలో చెరకు నాటిన రైతునకు పీకపురుగు తెచ్చు నష్టము తెలియనిది కాదు. లేతపిలక మొవ్వు ఎండిపోవును. లాగినచో చేతికి ఊడివచ్చును. దీనిని అణచుటకు ట్రైకోగ్రామా అను బదనికలు పెరుగుచున్న గుడ్లను అట్టముక్కలకు అంటించి చెరకు ఆకుల అడుగున కట్టుదురు. వానినుండి వెలువడునది కందిరీగకు దగ్గరి జాతి. పొడవు ఒక మిల్లీమీటరైనను ఉండదు. అది తల్లిపురుగు పెట్టిన గుడ్డును వెదకి, అందులో తన గుడ్డు నుంచును. పీకపురుగు పుట్టకముందే నశించును. అంత చిన్నప్రాణికి అంత పెద్ద తోటలో దారి చూపునది యేది? తల్లిపురుగు రెక్కలనుండి రాలిన పొలుసుల వాసనయే.

ఇట్టి జ్ఞానమంతయు పుట్టుకతో వచ్చునదే యని తలచుట సహజము. కాని గొంగళిపురుగులలో గుడ్లుపెట్టు మరియొక జాతిని 1988లో అమెరికాలో లూయిస్, టమ్లిన్సన్ అను శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. పురుగు విసర్జించిన మలమును తాకునపుడు అచ్చట ఏ వాసన యున్నదో దానిని ఆ కీటకము నేర్చుకొనును. పురుగుతో ఎట్టి సంబంధమును లేని వనిల్లా వాసననైనను అట్లే నేర్చును. 1990లో లూయిస్, తకాసు ఒక వాసనను ఆహారముతోను, వేరొక వాసనను పురుగుతోను జతచేసి నేర్పిరి. ఆకలిగొన్న కీటకము మొదటిదానివైపు, కడుపు నిండినది రెండవదానివైపు పోయినది.

వాసన యను మాటకు మన శాస్త్రములలో మరియొక యర్థము కలదు. పూలు తీసివేసినను బుట్టలో పరిమళము నిలిచినట్లు, అనుభవము గడచినను చిత్తమున మిగులు సంస్కారమే వాసన. తీర్థములోని పచ్చకర్పూరపు వాసన తగులగానే తిరుమలలో నిలిచిన వృద్ధునికి చిన్ననాటి దర్శనము స్ఫురించును. సారాయి దుకాణపు వాసన మరియొకని కాళ్ళను అటు లాగును. చిత్తము చేయు పని రెండింటను ఒక్కటే. అట్లయిన ఆ రెండవవాని దోషమేమి? కీటకమునకు లేని పాపము వానికి మాత్రమేల?

యోగవాసిష్ఠము వాసనలను శుద్ధములు, మలినములు అని రెండుగా విభజించి, పౌరుషముచే మలినమును విడిచి శుద్ధమును అభ్యసింపుమని బోధించినది. తన్ను లాగుచున్న వాసన మంచిదా, చెడ్డదా యని కీటకము విచారింపజాలదు; మనుష్యుడు విచారింపగలడు. కాళ్ళు అటు లాగుట నిన్నటి ఫలము. దానికి అతనిని నిందించుట తగదు. నేడు అటు నడచుటయో, మరలుటయో అతని వంతు. ఒక్కనాడు మరలినంతమాత్రమున పాతవాసన పోదు. మరలుటయే అలవాటైనపుడు అదియే క్రొత్త వాసన యగును.

ఇక పసివారికి ఆ విచారణ యింకను కలుగలేదు. పలకతోపాటు బెత్తమునే చూపినచో వారి చిత్తమున చదువునకు భయమే వాసనగా నిలుచును. ఏ వాసనను దేనితో జతచేయుచున్నామో పెద్దలు ముందుగా చూచుకొనవలెను.